కరుణ సిస్టర్ కిరోసిన్ కట్టు

ఈ ఉదయం వాకిట్లో కారు ఎడమ ముందుచక్రం ఊడదీసి, తుప్పు పట్టిన ఒక బోల్టుతో కుస్తీ పడుతుంటే పానా జారి వేలి కణుపులు చెక్కుకుపోయాయి. అప్పటికే చేతినిండా కిరోసిన్. గబగబా లోపలికి వెళ్ళి దూదితో లోషన్ అద్దుకున్నాను. సుర్రుమంది. ఆ మంటకంటే ముందు వాసన తగిలింది. కిరోసిన్, దాని మీద ఆసుపత్రి లోషన్. ఈ రెండూ కలిసిన వాసన నాకు తెలిసి ఒక్క మనిషి దగ్గరే వచ్చేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. అయినా దూది పట్టుకుని నిలబడినదాన్ని, "ఒసే పద్మా, దాన్నలా బాదకే, నొప్పెడతాది" అని ఎవరో అన్నట్టనిపించి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. పొయ్యి మీద పాలు మాత్రం పొంగిపోతున్నాయి.

ఆవిడ పేరు కరుణ. మా ఆమదాలవలసలో అందరికీ కరుణ సిస్టరే. మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరై, మా సందులో మా ఎదురింట్లో ఒక్కతే ఉండేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీలో ఖాళీ దొరకనేదు" అని ఊరుకునేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం సందు ఆ చివరికి వినబడేది. ఆవిడకో పాత చిన్న కారు ఉండేది. తనే నడిపేది, తనే బాగుచేసుకునేది. అలాగని ఆవిడకు అన్నీ తెలుసనుకోకండి. సగం సార్లు తప్పే చేసేది. ఒకసారి హారన్ బాగుచేస్తానని కూర్చుని ఏ తీగకు ఏది కలిపిందో, బ్రేకు నొక్కినప్పుడల్లా హారన్ మోగడం మొదలైంది. సందులో కుక్కలన్నీ ఆవిడ రాక పసిగట్టి ముందే లేచి పోయేవి. ఆవిడకు సిగ్గేమీ వేయలేదు. మళ్ళీ విప్పింది. "ఇప్పినోడికి బిగించడం వత్తాది, ఇప్పనోడికి ఏటొస్తాది?" అంది. తప్పు చేసి కూడా తల ఎత్తుకుని తిరిగే ఆడమనిషిని నేను మొదటిసారి చూడడం అదే. మా పుట్టింట్లో అన్నంలో ఉప్పెక్కువైతేనే మా అమ్మ రెండు రోజులు తల దించుకుని తిరిగేది.

మాది నరసన్నపేట దగ్గర వరి పండించే ఇల్లు. పెళ్ళయ్యి ఈ ఊరొచ్చాక ఎదురింటి సిస్టరమ్మ కారు తోలడం కిటికీలోంచి చూసేదాన్ని. ఒకరోజు ఆవిడే వచ్చి, "ఎన్నాళ్ళే అలా సూస్తావు? రా, కూకో" అని నన్ను తీసుకెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది. ఊరి చివర ఖాళీ స్థలంలో నేర్పింది. నేను గేరు మార్చినప్పుడల్లా కిందకు చూసేదాన్ని. "ఏటి సూస్తన్నావు కిందకి? ఇంజిచ్చను సేసినప్పుడు నేను సూది కేసి సూస్తానేటి? పేషెంటు మొగం కేసి సూస్తాను. నువ్వు రోడ్డు కేసి సూడు. సెయ్యి దాని పని అది సేసుకుంటాది." ఇప్పటికీ కొత్తగా నేర్చుకునే ఎవరి పక్కన కూర్చున్నా నా నోటి వెంట ఇవే మాటలు వస్తాయి. సూది, పేషెంటు అంటుంటే వాళ్ళు నా మొహం వింతగా చూస్తారు.

నేర్చుకున్నాక ఊరుకోలేదు. మా ఊరి స్టేషన్‌లో పొద్దున్నే విజయనగరం వైపు నుంచి వచ్చే రైలు దిగి టీచరమ్మలు లోపలి ఊళ్ళ బళ్ళకు వెళ్తుంటారు. ఆటోల్లో కుక్కుకుని, ఒడిలో ఒకరి సంచీ, భుజం మీద ఇంకొకరి మోచెయ్యి. వాళ్ళను చూసే నాకు ఆలోచన వచ్చింది. సెకండ్ హ్యాండ్ కారొకటి కొని వాళ్ళను తిప్పడం మొదలుపెట్టాను. మా ఆయన రాంబాబు ధాన్యం మిల్లులో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు గానీ పిరికివాడు. "పద్దూ, నలుగురూ ఏటనుకుంటారే" అనేవాడు. నలుగురూ నాలుగు రోజులు అనుకున్నారు. తరువాత వాళ్ళింటి ఆడవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే మా ఇంటికే వచ్చారు. నా పని నాకు నచ్చింది. నాకంటూ ఒక రైలు టైముంది, నా కోసం స్టేషన్ బయట చూసే మనుషులున్నారు. అది పోతుందేమోనన్న భయం ఎలా ఉంటుందో ఒక మార్చి నెలలో తెలిసింది.

పాలకొండ రోడ్డు గుంతలకు నా కారు కుడి ముందుచక్రం దగ్గర నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. రెండు వారాలు రేడియో పెంచి నెట్టుకొచ్చాను. ఒక శుక్రవారం సాయంత్రం చప్పుడు ఎంత పెరిగిందంటే రేడియో కూడా ఓడిపోయింది. స్టేషన్ దగ్గర దిగుతూ లక్ష్మీ టీచర్ అంది: "పద్మమ్మా, సోమవారం నుంచి పదో తరగతి పరీక్షలు. దారిలో ఆగిపోయామంటే మా ఉద్యోగాలకే ఎసరు. బండి బాగుంటే రా. లేదంటే ఏమీ అనుకోకు, వేరే బండి మాట్లాడేసుకుంటాం." ఆవిడ మెల్లగానే అంది. కానీ ఒకసారి వేరే బండి ఎక్కినవాళ్ళు మళ్ళీ నా బండికి రారని నాకు తెలుసు. మా ఊళ్ళో నమ్మకంగా పనిచేసే మెకానిక్ అప్పటికే భోగాపురం వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టు పనుల దగ్గర లారీలూ మిషన్లూ బాగుచేయడానికట. ఫోన్ చేస్తే "వొచ్చే వారం సూద్దాం వదినా" అన్నాడు. శ్రీకాకుళంలో అడిగితే అక్కడా అదే మాట. మా ఆయన విని, "అమ్మీ, ఆ బండి అమ్మీసి కూకో. పెశాంతంగా ఉంటావు" అన్నాడు. నాకు కారు మీద కంటే ఆయన మీద ఎక్కువ కోపమొచ్చింది.

కరుణ సిస్టర్ అప్పటికే మా వాకిట్లోకి వచ్చేసింది. చప్పుడు వింటే ఆగే మనిషి కాదు. జాకీ పెట్టి, చక్రం తీసి, లోపలికి టార్చి కొట్టి చూసింది. చక్రాన్ని బండికి కలిపి ఉంచే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ చెయ్యి బండికి తగిలేచోట, ఇనుముకు ఇనుము రాసుకోకుండా రబ్బరు బుష్షులు ఉంటాయి. నా కారులో ఆ రబ్బరు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. "ఇదేనే నీ రోగం. రబ్బరు మారిస్తే సాలు" అంది. చాలు అనడం వరకు తేలికే. ఆ బుష్షును పట్టుకున్న బోల్టు తుప్పుతో కరుచుకుపోయింది. నేను పానా వేసి వేలాడాను. మా ఆయన వచ్చి వేలాడాడు. సుత్తితో కొట్టాను. కొట్టిన ప్రతిసారీ సందంతా మోగింది గానీ బోల్టు ఇసుమంతైనా కదల్లేదు. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చి, సుత్తిని వాకిట్లోకి విసిరేశాను.

సిస్టర్ ఇంటికి వెళ్ళి ఒక డబ్బా, గాయాలకు కట్టే గాజుగుడ్డ చుట్ట పట్టుకొచ్చింది. రేషన్‌లో కిరోసిన్ ఆగిపోయి చాలా కాలమైనా ఆవిడ దగ్గర డబ్బాలో కొంచెం దాచి ఉండేది. గాజుగుడ్డను అందులో తడిపి, బోల్టు చుట్టూ తిప్పి తిప్పి, కొనలు చించి ముడి వేసింది. దెబ్బతగిలిన వేలికి కట్టినట్టే, అంత శుభ్రంగా. చూసి మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "నవ్వకు నాయినా," అంది సిస్టర్, "బిగుసుకుపోయినదాన్ని కొడితే ఇంకా బిగుసుకుంటాది. మనిషైనా అంతే. తడిపి ఒగ్గీ. పొద్దున్న సూద్దాం." తరువాత ఆసుపత్రి లోషన్‌తో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. రిటైరై ఎన్నేళ్ళైనా ఆ అలవాటు పోలేదు. నాకు ఆ వాసన గుర్తుండిపోయింది ఆ సాయంత్రమే. పొద్దున్న కట్టు విప్పి, కొద్దిగా కొత్త కిరోసిన్ పోసి, పానా వేసి నెమ్మదిగా అటూ ఇటూ ఆడించింది. కిర్రుమని ఒక మూలుగు మూలిగి బోల్టు కదిలింది. నేను అరిచిన అరుపుకి మిల్లుకు వెళ్తున్న మా ఆయన వెనక్కి వచ్చాడు.

శనివారమంతా పనే. శ్రీకాకుళం నుంచి కొత్త బుష్షులు తెచ్చాను. వాటిని ఇనుప చేతి కంతలోకి ఎక్కించడానికి షాపుల్లో పెద్ద ప్రెస్ ఉంటుంది. మా దగ్గర ఏముంది? సబ్బునీళ్ళు, పొడవాటి బోల్టు, వాషర్లు. బోల్టు బిగిస్తుంటే బుష్షు వంకరగా వెళ్ళేది. మళ్ళీ తీయడం, మళ్ళీ సబ్బు రాయడం. ఒకసారి జారి ఎగిరి వచ్చి సిస్టర్ మోకాలికి తగిలితే ఆవిడ తిట్టిన తిట్టు ఆసుపత్రిలో నేర్చుకున్నది మాత్రం కాదు. మొత్తానికి సాయంత్రానికి చక్రం వేసి, అన్నీ బిగించి, జాకీ దించి, గర్వంగా రోడ్డెక్కాం. మొదటి గుంత. టకటక లేదు. నేను సిస్టర్ చెయ్యి పట్టుకుని ఊపేశాను. రెండో గుంతలో కీచుమంది. మూడో గుంతకు ఇంకా గట్టిగా, తలుపు సందులో ఎలుక ఇరుక్కున్నట్టు. పైగా కారు కుడివైపు మూతి కాస్త పైకెత్తుకుని నిలబడింది.  ఇంటి ముందు దిగి ఆవిడ, "రేపు ఆదోరం" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆదివారమంటే ఏమిటో నాకు తెలుసు. బాప్టిస్టు గుడికి వెళ్ళి వచ్చాక సిస్టర్ సూదిలో దారం కూడా ఎక్కించదు. ఆ రోజు ఏ పనీ ముట్టుకోకూడదని ఆవిడ పట్టుదల. ఇక నా సోమవారం అయిపోయినట్టే అనుకున్నాను. పొద్దున్నంతా గడప మీద కూర్చుని కారును చూస్తూ గడిపాను. దాని మీద అసహ్యం పుట్టింది. మా ఆయనతో "సరే, అమ్మీద్దాం" అనేశాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "అలగనకే" అన్నాడు. అమ్మమని అన్నదే ఆయన. మగవాళ్ళ సంగతి ఇంతే అనుకున్నాను గానీ, ఆ ఒక్క మాటతో ఆయన మీద నా కోపం సగం పోయింది.

గుడి విడిచాక సిస్టర్ వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు, వెనక స్త్రీల సమాజం వాళ్ళు నలుగురు. ప్రతి ఆదివారం వాళ్ళకు ఆవిడ ఇంట్లోనే టీ. నన్ను చూసి ఆగింది.

"ఏటలా కూకున్నావు?"

"అమ్మేస్తాను సిస్టరమ్మా. నా వల్ల కాదు."

"అమ్ముకో. కుంటిబండిని ఎవడు కొంటాడే? ముందు బాగుసెయ్యి, తరవాత అమ్ముకో."

చెప్పి, వంగి చక్రం కేసి చూసింది. చాలాసేపు చూసింది. "నిన్న మనం బోల్టు బిగించినప్పుడు ఈ సక్రం ఎక్కడున్నాది?" అని అడిగింది.

"ఎక్కడుంటాది, జాకీ మీద బండి, గాల్లో ఏలాడతా సక్రం."

సిస్టర్ నుదురు కొట్టుకుంది. "ఓలమ్మా, ఎంత పని సేసేము! సీలమండ ఇరిగినోడికి పాదం ఏలాడేసి పిండికట్టు ఏసీసినట్టయింది గదే! మంచం మీదున్నంతసేపూ బాగానే ఉంటాది. ఆడు లెగిసి నిలబడితే ఏటవుతాది? నిలబడే మడతలో పెట్టి కట్టాల. బండి కూడా అంతే. బరువు దాని మీద పడినాకే బిగించాల."

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. గాలిలో వేలాడుతుండగా బిగించిన రబ్బరు, బండి బరువు దిగగానే మెలి తిరిగిపోయింది. మూతి ఎత్తుకు నిలబడింది అందుకే, కీచుమంటున్నదీ ఆ మెలికే. లేచి, పానా తుడిచి ఆవిడకు అందించాను. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఆదోరం. నేను ముట్టుకోను. నువ్వు సెయ్యి."

"నాకు రాదు సిస్టరమ్మా!"

"నిన్న సేసింది నీ కళ్ళ ముందరే గదా. మాట సాయం సేస్తాను. సెయ్యి సాయం మాత్రం నేదు."

నాకు ఒళ్ళు మండింది. ఊరంతటికీ ప్రాణం పోసిన మనిషికి నా బతుకు దగ్గరే ఆదివారం గుర్తొచ్చిందా అనుకున్నాను. ఆ కోపంలోనే గోనెసంచి పరిచాను. మా ఆయన మిల్లు నుంచి మందపాటి చెక్క దిమ్మెలు తెచ్చాడు. కిందికి చెయ్యి దూరేలా, నాలుగు చక్రాలూ వాటి మీదకు వచ్చేలా కారును ఎత్తి, కదలకుండా రాళ్ళు అడ్డం పెట్టాం. ఇక రోజూ మనుషులతో నడిచేటప్పటి బరువు కావాలి. సిస్టర్ వెనక్కి తిరిగి స్త్రీల సమాజాన్ని చూసింది. "మీరు నలుగురూ కారెక్కండి."

అందరిలోకీ భారీమనిషి సుగుణమ్మ గారు. "ఎక్కడికెల్తన్నామే కరుణా?" అంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

"ఎక్కడికీ నేదు. కూకోండి, సాలు."

ఆదివారపు తెల్లచీరల్లో నలుగురు పెద్దమనుషులు, కదలని కారులో, ఒళ్ళో బైబిళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఎవరో కీర్తన అందుకున్నారు. నేను గోనెసంచి మీద పక్కకు పడుకుని, చెయ్యి లోపలికి చాచి బోల్టు వదులు చేశాను. రబ్బరు టప్పుమని మెలిక విప్పుకుంది. కారు మూతి మెల్లగా కిందికి దిగింది. పానాకు ఇనుప గొట్టం తొడిగి బిగించడం మొదలుపెట్టాను. లోపల కీర్తన జోరందుకుని చప్పట్లు కూడా మొదలయ్యాయి. కారు ఊగుతోంది. "కదలకండి! పాట పాడుకోండి, చప్పట్లు ఒద్దు!" అని అరిచాను. చప్పట్లు ఆగిపోయాయి. "అచ్చం కరుణ గొంతే" అంది లోపలి నుంచి సుగుణమ్మ గారు. సిస్టర్ నా తల దగ్గర నిలబడి, చేతులు వెనక్కే పెట్టుకుని, ఒక్క మాట కూడా సాయం చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు. బిగించి బయటికి వచ్చేసరికి ఆవిడ నన్ను కాదు, నా చేతులను చూస్తోంది.

సోమవారం రైలు టైముకు నేను స్టేషన్ బయట ఉన్నాను. టీచరమ్మలు అనుమానంగానే ఎక్కారు. గుంతలన్నీ వచ్చాయి, పోయాయి. సగం దారిలో లక్ష్మీ టీచర్, "బండి మార్చావా పద్మమ్మా?" అంది. "లేదండీ, అదే బండి" అన్నాను. ఎవరు బాగుచేశారని అడిగితే "నేనే" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. మిగతా దారంతా రేడియో కట్టేసి, చప్పుడు లేకపోవడాన్ని వింటూ నడిపాను.

తరువాత రెండో కారు కొన్నాను. ఈ సందులోనే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకు నేర్పాను, ఒకామె నా దగ్గరే నడుపుతోంది. సిస్టర్ ఒంట్లో బాగోలేక విజయనగరంలో అన్న కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ కిరోసిన్ డబ్బా నాకిచ్చింది. చివరిసారి చూడడానికి ఆ పాత కారులోనే వెళ్ళాను. మంచం మీద ఇంకా చిన్నదైపోయింది. నన్ను చూడగానే, "కుడిపక్క సౌండొత్తందేటే?" అని అడిగింది. రావడం లేదన్నాను. అప్పుడు, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది అడిగేశాను.

"సిస్టరమ్మా, మీరు ఆసుపత్రిలో ఆదివారాలు డ్యూటీ చేయలేదా?"

ఆవిడ కళ్ళు నవ్వాయి. "ఎన్ని సేసేనో. ఆదోరమని పేషెంటు ఆగుతాడేటి?"

"మరి ఆ రోజు పానా ఎందుకు ముట్టుకోలేదు?"

"నేను బిగిస్తే నేను బిగించినట్టే గదే. నీ మీద బరువు పడాల గదా" అంది. ఇంకేదో అడగబోతుంటే కళ్ళు మూసుకుని, "ఎల్లు, రైలు టైమవుతాది" అంది. ఆ రోజు తిరిగి వస్తూ దారిలో రోడ్డు పక్కన ఆపి ఏడ్చాను. దుఃఖంతో కాదు. నన్ను ఒకరు అంత నమ్మారని తెలిసినందుకు.

ఈ ఉదయం ఊడదీసింది ఎడమవైపు. కుడివైపు ఆ ఆదివారం నేను బిగించినది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. డబ్బా అడుగున మిగిలిన కిరోసిన్‌తో ఎడమ బోల్టుకు కట్టు కట్టి, మధ్యాహ్నందాకా వదిలేశాను. కదిలింది. కొత్త బుష్షు వేశాను. చెక్క దిమ్మెల మీదకు కారు ఎక్కించి, సందులో కేకేశాను. సుగుణమ్మ గారు కర్ర ఊతంతో వచ్చారు, పక్కింటి వాళ్ళు వచ్చారు, మా ఆయన భోజనానికి వచ్చినవాడు నేనడగకుండానే డ్రైవర్ సీట్లో కూర్చుని పేపరు విప్పాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. గోనెసంచి మీద పడుకుని, గొట్టం తొడిగి, చెయ్యి సాచాను. పైన అంతమంది బరువు, కింద నా చెయ్యి. చేతులకు ఇంకా ఆ వాసన ఉంది. "కదలకండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. బిగించాను.